చేపల కంటే ముందు ఫిల్టర్‌ను పెంచాలి

గాజు తొట్టిలో నీళ్లు నింపి, ఫిల్టర్ ఆన్ చేసి, మరునాడే చేపలు వదిలేవాళ్లను చూస్తే నాకు కంగారు పుడుతుంది. నీళ్లు తళతళలాడుతుంటాయి, చేపలు హుషారుగా తిరుగుతుంటాయి, ఇంటికి వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. కొద్ది రోజులకు అవే చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెడతాయి. అప్పుడు చేపలు నాసిరకమనో, నీళ్లు పడలేదనో అంటారు. చేపల్లో లోపమేమీ లేదు. అవి విడిచిన మలినాన్ని ఖర్చు చేసే జీవులు ఆ తొట్టిలో ఇంకా పెరగలేదు, అంతే.

నాది లెక్కలు రాసే ఉద్యోగం. పుస్తకంలో ఒక పక్క పడిన అంకె రెండో పక్క తేలకపోతే ఆ పూట నాకు అన్నం సహించదు. అక్వేరియం మీద మోజు పుట్టింది కూడా చేపల రంగులు చూసి కాదు. నత్రజని అనే ఒక్క మూలకాన్ని పట్టుకుంటే తొట్టిలో జరిగేదంతా జమాఖర్చులా రాసుకోవచ్చని తెలిశాక పుట్టింది. అందుకే కొత్త తొట్టి పెట్టిన ప్రతిసారీ మొదట కొనేది చేపలను కాదు, నీటి పరీక్ష కిట్‌ను, ఒక నోటు పుస్తకాన్ని.

ముందు జమ సంగతి. చేప తినే మేతలో ప్రోటీన్ ఉంటుంది. ప్రోటీన్ బరువులో సుమారు 16 శాతం నత్రజని. 40 శాతం ప్రోటీన్ ఉన్న మేత ఒక గ్రాము వేశామంటే 64 మిల్లీగ్రాముల నత్రజని తొట్టిలో పడినట్టు. అందులో కొంత చేప ఒంటికి పడుతుంది. మిగతాది చాలావరకు అమ్మోనియాగా బయటికి వస్తుంది, అదీ ప్రధానంగా మొప్పల్లోంచి. అంటే చేప ఊపిరి తీసుకుంటున్నంతసేపూ అమ్మోనియాను వదులుతూనే ఉంటుంది. తినకుండా అడుగున మిగిలిన మేత కుళ్లినా చేరేది ఆ పద్దులోకే. 60 లీటర్ల తొట్టిలో ఆ 64 మిల్లీగ్రాములూ నీళ్లలోకే వచ్చాయనుకుంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటుతుంది. ఒక్క గ్రాము మేతకే ఇంత! చెరువులో, నదిలో ఇది లెక్కలోకి రాదు. గాజు గోడల మధ్య వస్తుంది.

అమ్మోనియా అన్నది ఒకే రూపంలో ఉండదు. నీళ్లలో కొంత అమ్మోనియంగా, కొంత స్వేచ్ఛా అమ్మోనియాగా ఉంటుంది. చేపను ఎక్కువగా బాధించేది ఈ రెండోది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తంలో అది నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే అయిదు వంతులకు చేరుతుంది, 9 అయితే మూడో వంతు దాటుతుంది. ఇద్దరి తొట్లలో కిట్ ఒకే రంగు చూపించినా ఒకరి చేపలు నిక్షేపంగా ఉండటానికి, మరొకరివి గిలగిల్లాడటానికి కారణం తరచూ ఇదే. “నా తొట్టిలో అంత అమ్మోనియా ఉన్నా ఏమీ కాలేదు” అని చెప్పేవాళ్లను ముందు పీహెచ్ ఎంతో అడుగుతాను.

ఇక ఖర్చు సంగతి. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. మరో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వాటితో పోలిస్తే సాధువు. కొంత మొక్కలు తాగేస్తాయి, మిగిలింది నీళ్లు మార్చినప్పుడు పోతుంది. బడిలో చదువుకున్న నత్రజని చక్రమే ఇది. కాకపోతే బడిలో బాణం గుర్తులే చూపిస్తారు. ఒక బాణానికీ మరో బాణానికీ మధ్య వారాలు పడతాయని చెప్పరు.

ఈ జాప్యాన్ని మొదట గమనించినవాళ్లు చేపలు పెంచేవాళ్లు కాదు. ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, ముంట్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1877లో ఒక పొడవాటి గాజు గొట్టంలో ఇసుక, సుద్ద నింపి, మురుగునీటిని దానిగుండా మెల్లగా దిగనిచ్చారు. దాదాపు ఇరవై రోజులు ఏ మార్పూ లేదు. పైన పోసిన అమ్మోనియాయే కిందికి వచ్చింది. ఆ తర్వాత అమ్మోనియా తగ్గి నైట్రేట్ కనిపించడం మొదలైంది. ఇది కేవలం రసాయన చర్య అయితే మొదటిరోజే మొదలవ్వాలి కదా! అనుమానం తీర్చుకోవడానికి గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపారు. పని ఆగిపోయింది. క్లోరోఫాంను పోగొట్టి, కాస్త మట్టి కలిపిన నీళ్లు పోశారు. మళ్లీ మొదలైంది. ఇసుకలో ఉన్నవి ప్రాణులని అలా తేలింది. ఆ ప్రాణులను విడదీసి చూపించింది సెర్గెయ్ వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త, 1890 ప్రాంతంలో. నా దృష్టిలో మొట్టమొదటి అక్వేరియం ఫిల్టర్ ఆ గాజు గొట్టమే. చేపలు లేవు గానీ మిగతావన్నీ ఉన్నాయి: ఆగాల్సిన రోజులు, చంపే రసాయనం, బతికించే గుప్పెడు మట్టి.

ఇంత ఆలస్యం ఎందుకంటే, ఈ సూక్ష్మజీవుల బతుకు అలాంటిది. అన్ని వసతులూ అమరితే ఇ. కోలై లాంటి బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అమ్మోనియాను తినే జీవులకు గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. అమ్మోనియా నుంచి వాటికి దక్కే శక్తి అరకొర. ఒళ్లు కట్టుకోవడానికి కావలసిన కర్బనాన్ని కూడా కార్బన్ డయాక్సైడ్ నుంచే కూడబెట్టుకోవాలి. పైగా అవి నీళ్లలో తేలుతూ తిరగవు. స్పాంజిని, గులకరాళ్లను, గాజును అంటిపెట్టుకుని పలచని పొరగా పెరుగుతాయి. ఆక్సిజన్ పుష్కలంగా అందే చోటు, నీళ్లు ఎడతెగకుండా పారే చోటు వాటికి ఇష్టం. తొట్టిలో అలాంటి చోటు ఫిల్టర్. కాబట్టి మనం ముందు పెంచాల్సింది ఫిల్టర్‌నే. దానికి ఆకలి ఉంటుంది, తిండి పెట్టాలి. ఊపిరి ఉంటుంది, గాలి ఆపకూడదు.

ఈ మధ్య మా అమ్మాయి గదిలో పెట్టిన 60 లీటర్ల తొట్టికి నేను చేసింది ఇదే. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, సూక్ష్మజీవులను చంపడమే దాని పని. కాబట్టి క్లోరిన్ విరుగుడు మందు కలిపాకే ఫిల్టర్ ఆన్ చేశాను. ఉత్త క్లోరిన్ అయితే బకెట్లో ఒక రోజు నిలవ ఉంచినా పోతుంది. కొన్నిచోట్ల క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమిన్ కలుపుతారు, అది అంత తేలిగ్గా పోదు. దాన్ని మందు విరగ్గొట్టినా లోపలి అమ్మోనియా మిగులుతుంది, తొట్టిలో చేపే లేకపోయినా కిట్ ఆకుపచ్చగా మారి అమ్మోనియా ఉందని చూపిస్తుంది. తర్వాత హీటర్‌ను 28 డిగ్రీలకు పెట్టాను. చేపలు లేనప్పుడు కాస్త వెచ్చగా ఉంచితే పని చురుగ్గా సాగుతుంది.

తిండిగా అమ్మోనియం క్లోరైడ్ వాడాను. కొందరు చిటికెడు మేత వేసి కుళ్లనిస్తారు, కొందరు చచ్చిన రొయ్యను వేస్తారు. పని జరగదని అనను. కానీ అందులోంచి ఎంత అమ్మోనియా వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. జమ తెలియని ఖాతాలో ఖర్చు ఎలా రాయను? ఇల్లంతా వచ్చే ఆ వాసన సరేసరి. అమ్మోనియం క్లోరైడ్ అయితే తూచి వేయవచ్చు. లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాములు వేస్తే అమ్మోనియా 2 పీపీఎంకు, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములకు చేరుతుంది. 60 లీటర్లకు గ్రాములో మూడో వంతు పైచిలుకు. వంటింటి త్రాసు ఇంత చిన్న బరువును నమ్మకంగా చూపదు కాబట్టి, ఎక్కువ పొడిని తూచి తెలిసినంత నీటిలో కరిగించి, ఆ ద్రావణాన్ని సిరంజితో కొలిచి పోస్తాను.

చేపలను వదిలి వాటితోనే ఈ దశలన్నీ దాటించే పద్ధతి ఒకటుంది. రోజూ పరీక్షించి, రోజూ నీళ్లు మార్చగల ఓపిక ఉన్నవాళ్లు దాన్ని నెట్టుకురాగలరు. నాకు ఆ పద్ధతి నచ్చదు. తప్పు చేస్తే మూల్యం చెల్లించేది నేను కాదు కదా.

మొదటి వారం చూడటానికి ఏమీ ఉండదు. అమ్మోనియా పరీక్ష గొట్టంలో అదే ఆకుపచ్చ రంగు. మధ్యలో నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. మా అమ్మాయి సంబరపడింది. “నాన్నా, బ్యాక్టీరియా వచ్చేసింది కదా!” అంది. వచ్చింది నిజమే గానీ మనం ఎదురుచూస్తున్నది కాదు. నీళ్లను తెల్లబరిచేవి సేంద్రియ పదార్థాన్ని తిని గబగబా పెరిగే వేరే రకాలు. అవి వచ్చినట్టే పోతాయి. రెండు రోజులకు నీళ్లు తేటపడ్డాయి. ఈసారి “నీళ్లు ఇంత తేటగా ఉన్నాయి, ఇంకా దేనికి ఆగడం?” అంది. నీళ్లు తేటగా ఉన్నాయా, మబ్బుగా ఉన్నాయా అన్నదానికీ అమ్మోనియాకూ సంబంధం లేదని చెప్పి, పరీక్ష గొట్టం ఆమె చేతికే ఇచ్చాను. గొట్టంలో గీత దాకా తొట్టి నీళ్లు. మొదటి సీసాలోంచి చుక్కలు, కాసేపు కలపడం, రెండో సీసాలోంచి చుక్కలు. తర్వాత ఆగడం. పసుపుగా మొదలైన నీళ్లు మెల్లగా లేత ఆకుపచ్చకు, అక్కడి నుంచి ముదురు పచ్చకు దిగాయి. తెల్ల కాగితం ముందు గొట్టం పెట్టి, రంగుల అట్టతో పోల్చి, “రెండు... కాదు, రెండు కంటే కాస్త తక్కువ” అని ఆమె చెబితే పుస్తకంలో రాశాను. ఆ రోజు నుంచి పరీక్ష చేయడం ఆమె పని అయింది, చేపల గోల కొంత తగ్గింది.

అమ్మోనియా దిగడం మొదలయ్యాక నైట్రైట్ లేచింది. మనుషుల ఓపిక అయిపోయేది ఇక్కడే. అమ్మోనియా సున్నాకు వచ్చింది, సంతోషం. నైట్రైట్ గొట్టం మాత్రం రోజుల తరబడి అదే చిక్కటి ఊదా రంగు. తొట్టి మొరాయించిందని తీర్మానించి నీళ్లన్నీ పారబోసి, స్పాంజి ఉతికి, మొదటికొచ్చినవాళ్లు నాకు తెలుసు. తొట్టి మొరాయించదు. ఇక్కడ ఒక కూడిక చేయాలి.

అమ్మోనియా అణుభారం 17. నైట్రైట్ 46. నైట్రేట్ 62. ఒక అమ్మోనియా అణువు నుంచి ఒక నైట్రైటే వస్తుంది గానీ దాని బరువు ఎక్కువ. అందుకని 1 పీపీఎం అమ్మోనియా ఖర్చయితే 2.7 పీపీఎం నైట్రైట్ జమ అవుతుంది. 2 పీపీఎం మోతాదు ఒక్కసారి వేస్తేనే 5.4. రెండోసారికి 10.8. నా కిట్‌లోని రంగుల అట్ట 5 దగ్గరే ఆగిపోతుంది. నిజానికి నైట్రైట్ 15 నుంచి 8కి దిగినా గొట్టంలో రంగు మారదు. పని జరుగుతూనే ఉంటుంది, కొలబద్దే పొట్టిది.

దీనికి ఉపాయం కష్టమైనది కాదు. ఒక వంతు తొట్టి నీళ్లలో నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను అయిదుతో గుణించాలి. అలా చూస్తే ఊదా గోడ వెనక నైట్రైట్ రోజురోజుకూ దిగడం మాకు కనిపించింది. ఆ దశలో అమ్మోనియాను రోజూ పూర్తి మోతాదులో వేయడం మానేసి, రెండు మూడు రోజులకోసారి సగం వేశాను. తినేవాళ్లు బతకడానికి అది చాలు, నైట్రైట్ గుట్ట మరీ పెరగదు. సగం నీళ్లు మార్చినా నష్టం లేదు. జీవులున్నది స్పాంజిలో, నీళ్లలో కాదు.

నైట్రేట్ పరీక్ష విషయంలో రెండు మాటలు. నా కిట్‌లో రెండో సీసా అడుగున పొడి పేరుకుంటుంది. చేయి నొప్పెట్టేదాకా ఊపకపోతే తప్పుడు అంకె వస్తుంది, అదీ తక్కువగా. ఇంకోటి, ఆ పరీక్ష నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి రంగు చూపిస్తుంది. కాబట్టి తొట్టిలో ముందే నైట్రైట్ ఉంటే అదీ కలిసిపోయి అంకె పెరుగుతుంది. నైట్రైట్ సున్నా అయ్యేదాకా నైట్రేట్ అంకెను నేను పెన్సిలుతోనే రాస్తాను. కొన్ని కిట్లు నైట్రేట్ మొత్తాన్ని కాక అందులోని నత్రజనిని మాత్రమే చూపిస్తాయి. ఆ రెంటికీ 4.4 రెట్లు తేడా. ఇద్దరు వాదులాడుకునే ముందు ఎవరి కిట్ ఏది చూపిస్తుందో చూసుకుంటే మంచిది.

ఒక దశలో మా తొట్టి నిజంగానే నెమ్మదించింది. అంతకుముందు ఒక్క రోజులో మాయమైపోయే అమ్మోనియా ఇప్పుడు అలాగే నిలిచిపోయింది. పీహెచ్ చూస్తే 6 దగ్గరికి జారి ఉంది. ఇది పుస్తకంలో ముందే కనిపిస్తున్న విషయం. అమ్మోనియా నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనికి సుమారు 7 మిల్లీగ్రాముల క్షారత, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నిల్వ, ఖర్చవుతుంది. 2 పీపీఎం మోతాదులు పది వేస్తే లీటరుకు వంద మిల్లీగ్రాములకు పైగా క్షారత హరించుకుపోతుంది. మా నీళ్లు మెత్తనివి, వాటిలో అంత నిల్వ ఎక్కడిది? ఆ క్షారత పోతే పీహెచ్ పడిపోతుంది, పీహెచ్ పడిపోతే జీవులు చేతులు ముడుచుకుంటాయి. కొన్ని నీళ్లు మార్చి, చిటికెడు వంటసోడా కలిపితే మళ్లీ కదిలింది. సీసాలో అమ్మే బ్యాక్టీరియా ఇంకొకటి కొనే ముందు చాలామంది పీహెచ్ ఒకసారి చూసుకుంటే బాగుండును.

సీసా మాట వచ్చింది కాబట్టి చెబుతాను. వాటిలో పనిచేసేవి ఉన్నాయి, పనిచేయనివీ ఉన్నాయి. చాలాకాలం అందరూ తొట్లలో నైట్రైట్‌ను తినేది నైట్రోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా అనుకున్నారు, పుస్తకాలూ అలాగే రాశాయి. 1998లో హొవానెక్ అనే పరిశోధకుడి బృందం మంచినీటి అక్వేరియంలను పరీక్షించి, అక్కడ ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అనే మరో బ్యాక్టీరియా అని చూపించింది. 2005లో సియాటిల్ అక్వేరియంలోని ఒక ఉష్ణమండల సముద్ర తొట్టి గులకరాళ్ల నుంచి అమ్మోనియాను తినే ఆర్కియాను వేరుచేశారు. అది బ్యాక్టీరియా కూడా కాదు, వేరే కొమ్మకు చెందిన జీవి. 2015లో ఇంకో వింత: అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా రెండు పనులూ ఒక్కటే చేసేసే నైట్రోస్పైరా ఉందని రెండు బృందాలు ప్రకటించాయి. వాటిలో ఒక బృందానికి అది దొరికింది చేపల పెంపకం ఫిల్టర్‌లోనే. ఇద్దరు గుమాస్తాలు చేస్తారనుకున్న పనిని ఒక్కరే చేస్తున్నారన్నమాట.

నన్నడిగితే అన్నిటికంటే నమ్మకమైనది ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి నుంచి తెచ్చిన స్పాంజి ముక్క. హాల్లోని మా పెద్ద తొట్టి ఫిల్టర్ నుంచి సగం స్పాంజి కోసి కొత్తదాంట్లో పెట్టి ఉంటే ఈ వారాల్లో చాలాభాగం కలిసివచ్చేది. కావాలనే పెట్టలేదు. పరీక్ష గొట్టంలో రంగులు మారడం మా అమ్మాయి మొదటి నుంచీ చూడాలనుకున్నాను. మీకు అలాంటి కోరిక లేకపోతే, రోగాల్లేని తొట్టి ఉన్న స్నేహితుణ్ని స్పాంజి ముక్క అడగండి. ఎండనివ్వకుండా తొట్టి నీళ్లలోనే ఉంచి త్వరగా తెచ్చుకోండి.

తొట్టి సిద్ధమైందా లేదా అన్నదానికి క్యాలెండర్ చూడను. సాయంత్రం 2 పీపీఎం అమ్మోనియా వేయాలి, మరుసటి సాయంత్రానికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా కావాలి. వరసగా కొన్ని రోజులు అలా వస్తేనే నాకు తృప్తి. నాలుగు నుంచి ఆరు వారాలని అందరూ చెప్పే మాట సగటు మాత్రమే. మా గొట్టాలు రెండూ ఒకే సాయంత్రం తేలిపోయిన రోజున, ఒకటి పసుపు, ఒకటి లేత నీలం, అమ్మాయి వాటిని కిటికీ వెలుగుకు పట్టి చూసి, “నాన్నా, రెండూ సున్నా. పెన్నుతోనే రాసుకో” అంది.

చేపలు తెచ్చే ముందు నీళ్లు చాలావరకు మార్చాను. అప్పటికి పేరుకున్న నైట్రేట్ వంద దాటింది. 20, 30 లోపు ఉంటే నాకు నిశ్చింత. హీటర్‌ను చేపలకు తగిన వేడికి తగ్గించాను. ముందు చిన్న గుంపునే వదిలాం. ఫిల్టర్‌లోని జీవుల సంఖ్య వాటికి దొరికే తిండిని బట్టే ఉంటుంది. చేపలు ఒక్కసారిగా రెట్టింపయితే మేతా రెట్టింపవుతుంది, అవి ఆ వేగంతో పెరగలేవు. కొత్త చేపలు వచ్చిన ప్రతిసారీ కొన్నాళ్లు పరీక్షలు మళ్లీ రోజూ చేస్తాం. నైట్రైట్ పొరపాటున కాస్త కనిపించినా ఊరుకోను. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపానికి మార్చేస్తుంది, చేప మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి, నీళ్లలో గాలి ఉన్నా చేపకు ఊపిరాడదు. అప్పుడు నీళ్లు మార్చడంతోపాటు కొద్దిగా ఉప్పు కలిపితే, అందులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోకుండా అడ్డుకుంటుంది.

ఇక స్పాంజి. మురికి పట్టి నీళ్లు సన్నగా వస్తుంటే, మార్చిన పాత తొట్టి నీళ్లు ఉన్న బకెట్లోనే దాన్ని రెండు మూడుసార్లు పిండి మళ్లీ పెట్టేస్తాను. కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా ఉతకను. కార్ట్రిడ్జ్‌ను నెలకోసారి పారేసి కొత్తది పెట్టమని కొన్ని ఫిల్టర్ల డబ్బాల మీద రాసి ఉంటుంది. అది కార్ట్రిడ్జ్‌లు అమ్మేవాళ్ల లెక్క, నాది కాదు. స్పాంజి చిరిగిపోయేదాకా మార్చను. అప్పుడు కూడా కొత్తదాన్ని పాతదాని పక్కనే నెల రోజులు నడిపి, ఆ తర్వాతే పాతదాన్ని తీసేస్తాను.